పాలవెల్లి మధ్యలో ఆ నల్ల చీలిక ఏంటి? అక్కడ చుక్కలు లేవా?

ఆరుబయట_మంచం
మొన్న మే అమావాస్యకి ఊరెళ్లాను. మార్కాపురం దాటి ఇంకో గంట లోపలికి పోవాలి. ఆ రాత్రి కరెంటు పోయింది. ఇదే అదను అని పొలం గట్టు మీద స్టాండు పెట్టి, 25 సెకన్ల చొప్పున నలభై దాకా ఫొటోలు తీశాను. రాత్రి రెండు గంటలు దాటాక పాలవెల్లి, అదే పాలపుంత, నడినెత్తికి ఎక్కింది. దాని మధ్యలో పొడుగ్గా నల్లటి చీలిక. హంస అనే చుక్కల గుంపు దగ్గర మొదలై ధనుస్సు వైపు దిగుతూ పాలవెల్లిని రెండు పాయలు చేసేసింది. చుట్టూ ఇసుక చల్లినట్టు చుక్కలు, చీలికలో మాత్రం ఏమీ లేదు. లెన్సు మీద మరకేమో అని తుడిచి మళ్లీ తీశా. అక్కడే ఉంది. ఉత్త కళ్లకీ కనపడుతోంది. నాయనమ్మని అడిగితే "అది అట్టాగే ఉంటదిరా, నా చిన్నప్పుడూ అట్టాగే ఉంది" అంది. ఇంతకీ అక్కడ నిజంగానే చుక్కలు లేవా?

హంసలదీవి
ఉన్నాయి. మధ్యలో దుమ్ము అడ్డం, అంతే.

లెక్కలరావు
దుమ్మా? అంతరిక్షం అంటే శూన్యం అని కదా బళ్లో చెప్పింది. శూన్యంలోకి దుమ్ము ఎక్కడినుంచి వస్తుంది? అక్కడ చుక్కలు తక్కువ, అందుకే నలుపు. నాకు ఇదే సూటిగా అనిపిస్తోంది.

మాస్టారు_నర్సీపట్నం
రావు గారూ, మీరన్నట్టే అనుకున్నవాళ్లలో పద్దెనిమిదో శతాబ్దపు ఖగోళవేత్త విలియం హెర్షెల్ కూడా ఉన్నాడు. వృశ్చికం వైపు చూస్తుంటే చుక్కలు ఒక్కసారిగా మాయమైన చోటు తగిలింది. ఆకాశానికి అక్కడ చిల్లు పడిందనే అన్నాడని ఆయన చెల్లెలు కరొలిన్ రాసింది. వందేళ్ల తర్వాత బర్నార్డ్ అనే ఆయన ఆ చిల్లుల్నే ఒక్కొక్కటిగా ఫొటో తీసి, 1919లో 182 నల్ల మచ్చల జాబితా వేశాడు. ఆయనా మొదట్లో అవి ఖాళీలే అనుకుని, ఫొటోలు చూడగా చూడగా మనసు మార్చుకున్నాడు. చిల్లు అయితే అంచులు అంత చిరుగులు చిరుగులుగా, పొగ పాకినట్టు ఎందుకుంటాయి? పైగా వేల కాంతి సంవత్సరాల మందాన చుక్కలు ఉన్నచోట అన్ని సొరంగాలూ సరిగ్గా మన వైపే ఎందుకు తిరిగి ఉండాలి?

గట్టి రుజువు 1930లో వచ్చింది. అమెరికాలో లిక్ అబ్జర్వేటరీలో ట్రంప్లర్ చేశాడు. పిల్లలకి నేను లారీ లెక్క చెప్పేవాణ్ణి. పొగమంచులో ఎదురుగా లారీ వస్తోంది. హెడ్‌లైట్ల వెలుగు చూస్తే చాలా దూరంలో ఉన్నట్టుంది. రెండు లైట్ల మధ్య ఎడం చూస్తే దగ్గరగా ఉన్నట్టుంది. మంచు వెలుగుని తింటుంది గానీ ఎడాన్ని తినలేదు కదా. ట్రంప్లర్ చుక్కల గుంపుల మీద ఇదే చేశాడు. వెలుగుని బట్టి దూరం కడితే, దూరం పెరిగేకొద్దీ గుంపుల అసలు సైజు కూడా పెరుగుతున్నట్టు వచ్చింది. అలా ఎందుకుంటుంది? దారిలో ఏదో వెలుగుని మింగుతోందన్నమాట.

లెక్కలరావు
లారీ పోలిక బాగుంది మాస్టారు, ఒప్పుకుంటున్నా. కానీ మంచు దట్టంగా ఉంటేనే లైటు మసకబారుతుంది. చుక్కలు కనపడకుండా చేయాలంటే ఆ దుమ్ము ఎంత దట్టంగా ఉండాలి? అంకెలు చెప్తే గానీ నాకు ఎక్కదు.

పరారుణ
అంకెలే చెప్తా, నా పీహెచ్‌డీ దీని మీదే. మన చుట్టుపక్కల సగటున ఘన సెంటీమీటరుకి ఒక హైడ్రోజన్ పరమాణువు ఉంటుందనుకోండి. అలాంటి లక్ష కోట్ల పరమాణువులకి ఒక్కటి చొప్పున, 0.1 మైక్రాన్ వ్యాసార్ధం ఉన్న రేణువు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వంద మీటర్లున్న గదిలో ఒకే ఒక్క రేణువు. మన ఊళ్లో ఏ గాలీ అంత శుభ్రంగా ఉండదు.

ఇప్పుడు ఒక చదరపు మీటరు మూతి ఉన్న గొట్టాన్ని 3,260 కాంతి సంవత్సరాలు సాగదీయండి. పొడవు మీటర్లలో 3 పక్కన 19 సున్నాలు. అందులో పడే రేణువులు 30 లక్షల కోట్లు. ఒక చదరపు మీటరుని 100 లక్షల కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో రేణువు మూడు ముక్కల్ని కప్పుతుంది. 30 లక్షల కోట్లని మూడుతో హెచ్చవేస్తే 90 లక్షల కోట్ల ముక్కలు. మూతిలో పదింట తొమ్మిది వంతులు! ఒకదాని వెనక ఒకటి దాక్కునేవి తీసేసినా సగానికి పైగా వెలుగు పోయినట్టే. ఇది మామూలు చోటు సంగతి. నల్ల చీలికలో మేఘాలు దీనికి వందల, వేల రెట్లు చిక్కన. పాలవెల్లి నడిబొడ్డు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కదా, అక్కణ్ణుంచి బయల్దేరిన మామూలు వెలుగులో లక్ష కోట్లకి ఒక్క వంతు మన దాకా వస్తుంది.

లెక్కలరావు
ఇప్పుడు ఎక్కింది. కాగితం మీద నేనూ వేసి చూశా, 0.9 వస్తోంది. చిక్కదనం కాదన్నమాట, దూరం చేసే పని.

కాటుక_కళ్లు
నాకో డౌటు. దుమ్ము అంటే మన బీరువా మీద పేరుకునే దుమ్ములాంటిదేనా?

పరారుణ
కాదక్కా. ఇంట్లో దుమ్ములో బట్టల పీచు, చర్మం పొట్టు, రోడ్డు మట్టి ఉంటాయి, రేణువులు పెద్దవి. దీన్ని దుమ్ము అనే బదులు పొగ అంటే సరిగ్గా సరిపోతుంది. అగరుబత్తి పొగ గుర్తుచేసుకోండి. ఎక్కువ రేణువులు పావు మైక్రాన్ లోపే. చిన్నవి లెక్కలేనన్ని, పెద్దవి బాగా తక్కువ.

ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఇసుక జాతి, అంటే సిలికేట్లు. 9.7 మైక్రాన్ల పరారుణ వెలుగుని (ఎరుపుకి అవతల, కంటికి కనపడని పొడుగు అలలు) ప్రత్యేకంగా మింగుతాయి, అలా పట్టుబడ్డాయి. రెండోది బొగ్గు జాతి, కార్బన్. ఊదాకి అవతల కంటికి కనపడని అతినీలలోహితంలో 2175 ఆంగ్‌స్ట్రామ్‌ల (0.2175 మైక్రాన్) దగ్గర వెలుగు ఉన్నట్టుండి ఎక్కువగా పోతుంది. 1965లో ఇది బయటపడింది. అక్కడ మింగేది ఏ రూపంలో ఉన్న కార్బనో ఇప్పటికీ మా ల్యాబులో కొట్టుకుంటూనే ఉంటాం. గ్రాఫైట్ అనే వాళ్లు కొందరు, షడ్భుజాల గొలుసుల్లాంటి అణువులనే వాళ్లు కొందరు. నేను రెండో జట్టు. చల్లటి మేఘాల్లో అయితే ఈ రేణువుల మీద నీరు, కార్బన్ మోనాక్సైడ్ మంచులా పేరుకుంటాయి.

ఇంకో సాక్ష్యం నాకు చాలా ఇష్టం. చుక్కల మధ్య వాయువులో ఇనుము, మెగ్నీషియం, సిలికాన్ ఉండాల్సినంత లేవు. ఇనుములో పదింట తొమ్మిది వంతులకి పైగా లెక్కకు రావట్లేదు. అదంతా రేణువుల్లో గడ్డకట్టి కూర్చుంది. చుక్కల మధ్య ఉన్న మొత్తం పదార్థంలో దుమ్ము వాటా బరువులో నూటికి ఒక వంతే. కానీ రాయి అయ్యే సరుకు దాదాపు అంతా అందులోనే ఉంది.

విజయనగరం_వాసు
దుమ్ము వెనకున్న చుక్క ఎర్రబడుతుందని ఎక్కడో చదివా. సాయంత్రం సూర్యుడు ఎర్రబడటం, ఇదీ ఒకటేనా?

జ్యేష్ఠ_చూపరి
ఒకటే. నీలం చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది.

పరారుణ
ఒకటే అనకూడదు అన్నా. సాయంత్రం ఎరుపుకి ముఖ్య కారణం గాలి అణువులు, అవి వెలుగు అలకంటే చాలా చిన్నవి. అందుకే నీలాన్ని విపరీతంగా చెదరగొడతాయి, తరంగదైర్ఘ్యం సగమైతే పదహారు రెట్లు. నక్షత్రాంతర దుమ్ము రేణువులు ఇంచుమించు వెలుగు అలంత ఉంటాయి కాబట్టి అదే తేడాకి సుమారు రెండు రెట్లే. ఆ తేడా కొలిచే రేణువుల సైజు కట్టారు.

జ్యేష్ఠ_చూపరి
సరే, దిద్దుకున్నా. వాసు గారూ, చెదిరిన ఆ నీలం ఎక్కడికి పోతుందో చూడాలంటే కృత్తికల ఫొటో చూడండి. చుక్కల చుట్టూ నీలి ముసుగు ఉంటుంది. 1912లో స్లైఫర్ అనే ఖగోళవేత్త దాని వర్ణపటం (వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీ) తీస్తే చుక్కల వర్ణపటమే వచ్చింది. సొంత వెలుగు కాదు, దుమ్ము మీద పడి తిరిగొచ్చిన వెలుగు. కృత్తికలు ఆ మేఘంలో పుట్టలేదు, దారిలో తగిలితే దానిలోంచి పోతున్నాయి.

ఆరుబయట_మంచం
కృత్తికలు కార్తీకంలో తీస్తా. కానీ ఇంత దుమ్ము అసలు ఎక్కడ పుట్టింది? రావు గారు మొదట్లో అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది.

డల్లాస్_బాబాయ్
సూపర్నోవా. పెద్ద చుక్క పేలుతుంది, లోపల వండిన సరుకంతా బయటికి చిమ్ముతుంది, చల్లారి దుమ్మవుతుంది. మనమంతా ఆ దుమ్మే.

జ్యేష్ఠ_చూపరి
బాబాయ్, దీనికి మాత్రం ఒప్పుకోను. పేలకుండా మెల్లగా చచ్చే చుక్కలే ఎక్కువ దుమ్ము చేస్తాయి. సూర్యుడిలాంటివి ముసలితనంలో ఉబ్బి, పైపొరల్ని గాలిలా వదిలేస్తాయి. ఆ గాలి చుక్కకి దూరం పోయేకొద్దీ చల్లారి, వెయ్యీ పదిహేను వందల డిగ్రీల దగ్గర రేణువులు కడతాయి. ఏ రేణువు అన్నది కార్బన్, ఆక్సిజన్‌లలో ఏది ఎక్కువో దాన్ని బట్టి. రెండూ ముందు జతకట్టి కార్బన్ మోనాక్సైడ్ అయిపోతాయి, ఆ జత విడదు. ఆక్సిజన్ మిగిలితే ఇసుక, కార్బన్ మిగిలితే మసి. సింహ రాశిలో సీడబ్ల్యూ లియోనిస్ అని ఒకటుంది. మామూలు వెలుగులో పెద్ద టెలిస్కోపుకి కూడా కష్టం, పరారుణంలో ధగధగలాడుతుంది. తన మసిలో తనే మునిగింది.

కాటుక_కళ్లు
మా అమ్మ కాటుక పట్టేది ఇలాగే! ఆముదం దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించేది. మంట పైకి పోయి, చల్లటి పళ్లేనికి తగిలిన చోట మసి కట్టేది. తెల్లారి గీకి నెయ్యి కలిపేది. మంటలో కనపడని నలుపు చల్లబడ్డాక కనపడేది.

జ్యేష్ఠ_చూపరి
అచ్చం అదే అక్కా! మంటకి గాలి సరిపడా అందకపోతే మసి వస్తుంది, అక్కడ ఆక్సిజన్ చాలక మసి వస్తుంది. ఆర్ కొరోనా బొరియాలిస్ అనే చుక్క అయితే మన కళ్ల ముందే కాటుక పడుతుంది. మామూలప్పుడు ఉత్త కళ్లకి అందేంత వెలుగు ఉంటుంది. ఉన్నట్టుండి కొన్ని వారాల్లో వెయ్యి రెట్లు మసకబారుతుంది, తర్వాత నెలలు, ఏళ్లు పట్టి తేరుకుంటుంది. అది మన వైపు వదిలిన మసి మబ్బే అని 1939లోనే ఓకీఫ్ చెప్పాడు. మన ఆర్ద్ర కూడా 2019 చివర్నుంచి 2020 ఫిబ్రవరి దాకా వెలవెలబోయింది కదా. నేను రోజూ మేడ మీదికెక్కి పక్కనున్న రోహిణితో పోల్చి రాసుకునేవాణ్ణి. పేలబోతోందని అందరూ నాకు మెసేజులు. చివరికి అది తను వదిలిన వాయువు చల్లబడి కట్టిన దుమ్మని తేలింది. పేలలేదు, దుమ్ము మాత్రం చేసింది.

డల్లాస్_బాబాయ్
చేసింది సరే, ఎంత చేసింది? అంకెలు నేనూ చెప్తా. 1987 ఫిబ్రవరిలో పెద్ద మెజలానిక్ మేఘం అనే పక్క గెలాక్సీలో సూపర్నోవా కనిపించింది. 2011లో హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు దాని దగ్గర చల్లటి దుమ్ము చూసింది, సూర్యుడి బరువులో 0.4 నుంచి 0.7 వంతు! తర్వాత ఆల్మా టెలిస్కోపుతో చూస్తే ఆ దుమ్ము పేలిన శకలాల నడుమే ఉంది. ఒక్క పేలుడు, పాతికేళ్లలోపు, భూమి లాంటివి లక్షకి పైగా చేయడానికి సరిపడే సరుకు. ముసలి చుక్క గాలి వదులుతూ కూర్చుంటే ఎప్పటికి ఇంత అవుతుంది?

జ్యేష్ఠ_చూపరి
పేలుడు లోపలికి తిరిగొచ్చే ఆఘాత తరంగం, అంటే పేలుడు దెబ్బకి పుట్టిన అల, ఆ దుమ్ములో ఎంత మిగలనిస్తుందో చూడాలి బాబాయ్. 1987 దానిలో ఆ తరంగం ఇంకా నడిమధ్యకి చేరలేదు.

మాస్టారు_నర్సీపట్నం
మీ ఇద్దరి తగవుకి సాక్షి ఒక రాయి ఉంది. 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలో మర్చిసన్ అనే ఊళ్లో ఉల్క పడింది. దాని ముక్కల్ని ఆమ్లాల్లో కరగబెడితే అడుగున కరగని పొడి కాస్త మిగిలింది. అందులో సిలికాన్ కార్బైడ్ రేణువులు, వాటి ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) పాళ్లు మన సౌర కుటుంబంలో ఇంకెక్కడా లేనట్టు ఉన్నాయి. సూర్యుడు పుట్టకముందు వేరే చుక్కల దగ్గర పుట్టిన రేణువులు! అంటే నక్షత్రాంతర ధూళిని వేలితో తాకినట్టే. 2020లో వాటి వయసు కట్టారు. అంతరిక్షంలో తిరిగినంత కాలం కాస్మిక్ కిరణాలు, అంటే మహా వేగంగా దూసుకొచ్చే కణాలు, తగిలి రేణువులో నియాన్ తయారవుతుంది. ఎంత పోగైందో చూసి ఎన్నేళ్లు తిరిగిందో చెప్పొచ్చు. అన్నిటికంటే పాతది సుమారు 700 కోట్ల ఏళ్లది. సూర్యుడికి 460 కోట్లు. మనిషి చేతికి చిక్కిన ఘనపదార్థాల్లో అంతకంటే పాతది లేదు.

లెక్కలరావు
వేరే చుక్క నుంచి వచ్చిందని సరే, ఏ రకం చుక్కో కూడా తెలుస్తుందా?

మాస్టారు_నర్సీపట్నం
తెలుస్తుంది. ఆ సిలికాన్ కార్బైడ్ రేణువుల్లో నూటికి తొంభైకి పైగా ముసలి ఎర్ర చుక్కలవి. సూపర్నోవావి నూటికి ఒకటి. వాటిలో కాల్షియం-44 ఎక్కువ. అది టైటానియం-44 విరిగితే వస్తుంది, టైటానియం-44 అరవై ఏళ్లకి సగం అయిపోతుంది. పేలిన వెంటనే, టైటానియం ఇంకా బతికుండగానే రేణువు కట్టిందని అర్థం. పేలిన తేదీ వేసి పెట్టుకున్నట్టుంటుంది.

జ్యేష్ఠ_చూపరి
చూశారా బాబాయ్, తొంభైకి ఒకటి!

డల్లాస్_బాబాయ్
ఆమ్లంలో కరగనివి మిగిలాయి, మాస్టారే చెప్పారు. కరిగిపోయిన ఇసుక రేణువులు ఎవరివో? గట్టివాళ్లని మాత్రమే లెక్కపెట్టి ఊరి జనాభా చెప్తే ఎలా?

పరారుణ
బాబాయ్ మాటలో పస ఉంది. అయినా మీరిద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. చుక్కలు దుమ్ము చేస్తున్నాయి, సరే. చెరిపేసేవీ ఉన్నాయి. సూపర్నోవా ఆఘాత తరంగాలు పాలవెల్లి అంతా తిరుగుతూ రేణువుల్ని కొట్టి మళ్లీ వాయువు చేస్తాయి. లెక్క వేస్తే ఒక రేణువు సగటున కొన్ని పదుల కోట్ల ఏళ్లలో పోతుంది. చుక్కలు పాలవెల్లిని మళ్లీ దుమ్ముతో నింపాలంటే రెండు మూడు వందల కోట్ల ఏళ్లు కావాలి. కుండలో పోసేదానికంటే కారేది ఎక్కువ. అయినా కుండ నిండుగా ఉంది. అంటే మూడో దారి ఉండాలి. చుక్క నుంచి వచ్చినవి విత్తనాలు, చల్లటి మేఘాల్లో వాటి మీద ఇనుము, సిలికాన్, కార్బన్ పరమాణువులు ఒక్కొక్కటే వచ్చి అంటుకుని పెరుగుతాయి. ఈ రోజు పాలవెల్లిలో ఉన్న దుమ్ములో ఎక్కువ భాగం ఇలా మేఘంలోనే పెరిగిందని నేను నమ్ముతున్నా. అంత చలిలో మంచు అంటుకోకుండా రాయి ఎలా అంటుకుంటుందని మా గైడ్ నన్ను ప్రతి వారం నిలదీస్తారు, అది నిజంగానే గట్టి ప్రశ్న.

బాబాయ్‌కి అనుకూలంగా కూడా ఒకటి చెప్పాలి. విశ్వం పుట్టి వంద కోట్ల ఏళ్లు కూడా నిండని కాలంలో ఉన్న క్వేజార్ (నడుమ పెద్ద కృష్ణబిలం వల్ల ధగధగలాడే గెలాక్సీ) ఒకదాని దగ్గర పది కోట్ల సూర్యుల స్థాయిలో దుమ్ము ఉంది. సూర్యుడంత చుక్క ముసలిది కావడానికి వెయ్యి కోట్ల ఏళ్లు. అంత తొందరగా దుమ్ము కావాలంటే తొందరగా చచ్చే పెద్ద చుక్కలు ఉండాలి. 2023లో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు అదే కాలపు గెలాక్సీలో నేను ముందు చెప్పిన 2175 గుర్తు కూడా పట్టింది. మసి అప్పటికే ఉంది!

డల్లాస్_బాబాయ్
మొదటి దుమ్ము మాది, తర్వాతది వాళ్లది, పెంచింది మేఘం. ఈ పంపకానికి నేను సంతకం పెడతా.

జ్యేష్ఠ_చూపరి
నేనూ. వోల్ఫ్-రాయే చుక్కలకి, అంటే పైపొరల్ని జోరు గాలిగా ఊదేసే వేడి పెద్ద చుక్కలకి, కూడా ఓ వాటా రాయండి. డబ్ల్యూఆర్ 140 అనే జంట ఉంది, రెండు చుక్కలూ ఎనిమిదేళ్లకోసారి దగ్గరికొస్తాయి, వాటి గాలులు గుద్దుకున్నచోట దుమ్ము కడుతుంది. 2022లో వెబ్ తీసిన ఫొటోలో ఒకదాని చుట్టూ ఒకటి పదిహేడు వలయాలు లెక్కపెట్టొచ్చు, చెట్టు మొద్దు కోసినట్టు.

విజయనగరం_వాసు
ఇంత చదివాక నాకు దుమ్ము మీద కోపమొస్తోంది. ఇదే లేకపోతే పాలవెల్లి నడిబొడ్డు కళ్లారా చూసేవాళ్లం కదా.

పరారుణ
కోపం మాలో కొందరికీ వచ్చింది. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం దగ్గర బైసెప్2 అనే టెలిస్కోపు వాళ్లు విశ్వం తొలి క్షణాల గురుత్వ తరంగాల జాడ దొరికిందన్నారు. ప్రపంచమంతా పండగ. తీరా ప్లాంక్ ఉపగ్రహం కొలతలు పక్కన పెట్టి చూస్తే ఆ జాడ మన పాలవెల్లి దుమ్ముది. పొడుగ్గా ఉన్న రేణువులు అయస్కాంత క్షేత్రాన్ని బట్టి ఒక వరుసలో సర్దుకుంటాయి, అందుకే వాటి నుంచి వచ్చే వెలుగు అలలు కూడా ఒక వాటంగా ఊగుతాయి. బైసెప్2 వాళ్లు వెతికిన జాడా అలాంటి వాటమే.

కానీ వాసు గారూ, దుమ్ము లేకుండా ఆ చుక్కలే సరిగ్గా పుట్టవు. రెండు హైడ్రోజన్ పరమాణువులు ఖాళీలో ఎదురైతే జతకట్టలేవు, కట్టగానే వచ్చే శక్తిని వదిలించుకునే దారి లేక విడిపోతాయి. రేణువు మీద కూర్చుంటే ఆ శక్తి రేణువు తీసుకుంటుంది, అణువు ఎగిరిపోతుంది. చుక్కలు పుట్టే మేఘాలన్నీ ఈ హైడ్రోజన్ అణువులే. ఆ అణువుల్ని విరగ్గొట్టే అతినీలలోహితాన్ని ఆపేదీ దుమ్మే. తర్వాత ఆ రేణువులే ఒకదానికొకటి అంటుకుని రాళ్లు, గ్రహాలు.

కాటుక_కళ్లు
మా పాప పక్కనే కూర్చుని వింటోంది. "అయితే మన ముగ్గు పిండి కూడా చుక్కల నుంచే వచ్చిందా" అని అడుగుతోంది.

మాస్టారు_నర్సీపట్నం
వచ్చిందని చెప్పండమ్మా. అందులో కాల్షియమైనా సిలికానైనా ఒకప్పుడు ఏదో చుక్కలో వండిందే.

ఆరుబయట_మంచం
నా కెమెరాతో ఆ చీలిక వెనక చూడటం కుదురుతుందా?

పరారుణ
కెమెరాలో పరారుణాన్ని ఆపే ఫిల్టరు తీయించినా కొంచెమే తేడా ఉంటుంది, ఆ చిన్న రేణువుల్ని దాటుకుని రావాలంటే ఇంకా పొడుగు అలలు కావాలి. బర్నార్డ్ 68 అనే చిన్న నల్ల మేఘాన్ని చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపుతో తీసిన జంట ఫొటోలు వెతకండి. మామూలు వెలుగులో సిరా చుక్క పడ్డట్టు ఉంటుంది. పరారుణంలో వెనకున్న చుక్కలన్నీ ఎర్రగా బయటపడతాయి. హెర్షెల్‌కి ఆ రెండో ఫొటో చూపించాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

హంసలదీవి
కెమెరా పక్కన పెట్టి కళ్లతో చూడాల్సింది ఇంకోటి ఉంది. బొగ్గుమూట అని దక్షిణాన త్రిశంకు పక్కనే నల్ల మేఘం. ఆస్ట్రేలియా ఆదివాసులు దాన్ని ఈము పక్షి తలగా చూస్తారు, చీలికంతా ఆ పక్షి మెడ, ఒళ్లు. వాళ్లు చుక్కలు కలిపి బొమ్మ గీయలేదు, దుమ్ములోనే బొమ్మ చూశారు. మనకి అది దిగంతానికి పదకొండు డిగ్రీల ఎత్తులో మాత్రమే వస్తుంది. మే నడిమధ్యలో రాత్రి తొమ్మిదింటికి సరిగ్గా దక్షిణాన ఉంటుంది. మా దగ్గర దక్షిణాన సముద్రమే, లైట్లు ఉండవు. నేను మూడేళ్లలో రెండుసార్లు చూశా, మూడోసారి మబ్బు.

ఆరుబయట_మంచం
ఈ మే అయిపోయింది. వచ్చే మేకి నాయనమ్మని కూడా తీసుకొస్తా, ఒక రాత్రి ఉండటానికి చోటు చూసిపెట్టండి. ఈలోపు ఆ నలభై ఫొటోలూ కలిపి, చీలిక అంచులు పొగలా ఉన్నాయో లేదో మాస్టారు చెప్పినట్టు దగ్గరగా చూసి ఇక్కడే పెడతా.

హంసలదీవి
చోటుదేముంది, మా ఇంటి డాబా ఉంది. మంచాలు కూడా ఉన్నాయి. దోమతెర మాత్రం తెచ్చుకోండి.